రికార్డింగు లేకుండా బడి నాటకం వేయడం ఎలా?

ఈ ఏడాది పాఠశాల వార్షికోత్సవంలో తెలుగు నాటిక వేయాలని అనుకుంటున్న ఎనిమిదో, తొమ్మిదో తరగతి విద్యార్థుల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. హైదరాబాదులో నేను చూసిన బడి నాటకాలలో చాలా వాటిలో పిల్లల గొంతు వినబడదు. సంభాషణలన్నీ ముందే ఒక స్టూడియోలో రికార్డు చేయించి, వాటికి నేపథ్య సంగీతం కలిపి, వేదిక మీద పిల్లల చేత పెదవులు మాత్రమే కదిలిస్తారు. మైకులు మొరాయిస్తాయేమోనన్న భయం, పిల్లలు మాటలు మరిచిపోతారేమోనన్న భయం, రిహార్సళ్లకు సమయం దొరకదన్న బెంగ దీనికి కారణాలు. ఈ మూడూ నిజమైన ఇబ్బందులే. అయితే మూడింటికీ ఉపాయాలున్నాయి, వాటిని వరుసగా చెబుతాను.

నాకు ఈ విషయం మీద పట్టుదల కలగడానికి కారణం నా చదువుకాలంలోనే ఉంది. ఎనిమిదో తరగతిలో మేము వేసిన నాటికలో, మైదానంలో షామియానా కింద కట్టిన వేదిక మీద మూడు స్టాండు మైకులు పెడితే మధ్యలో ఉన్నది ఒక్కటే పనిచేసింది. తండ్రి, కొడుకు, పొరుగింటావిడ ముగ్గురూ ఆ ఒక్క మైకు చుట్టూ చేరి, ఒకరి భుజం మీదుగా ఒకరు మాట్లాడారు. మరుసటి ఏడాది మా ఉపాధ్యాయులు ఆ ఇబ్బంది మళ్లీ రాకూడదని సంభాషణలన్నీ రికార్డు చేయించారు. అందులో నాది తాత వేషం. రికార్డింగులో తాత మాటలు ఎవరో పెద్దాయన చెప్పారు. చప్పట్లు బాగానే పడ్డాయి కానీ, ఇంటికి వెళ్లాక మా నాయనమ్మ "మాట్లాడింది నువ్వు కాదు కదా బిడ్డా" అన్నది. పదో తరగతిలో పట్టుబట్టి మా గొంతులతోనే ఒక నాటిక వేశాం. అందులో తప్పులు జరిగాయి, ఒకచోట రెండు సంభాషణలు ఎగిరిపోయాయి, అయినా ఆ ఇరవై నిమిషాలలో మా మాటకు ఎదురుగా ఉన్న జనం నవ్వడం, నిశ్శబ్దమైపోవడం మేము స్వయంగా విన్నాం. ఆ తరువాత కొన్నేళ్లుగా మా ఇంటి దగ్గరి పాఠశాలల పిల్లలకు నాటికలు వేయడంలో తోడుగా ఉంటున్నాను. ఇక్కడ రాస్తున్నదంతా వారి దగ్గర, వారితో కలిసి నేర్చుకున్నది.

తేదీ నుంచి వెనక్కి లెక్క వేయండి

మొదట వార్షికోత్సవం తేదీని ఖాయంగా తెలుసుకోండి. మన దగ్గర ఎక్కువ పాఠశాలల్లో అది డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో వస్తుంది. ఆ తేదీ నుంచి ఏడు వారాలు వెనక్కి లెక్కపెట్టి, మధ్యలో వచ్చే పరీక్షలను, పండుగ సెలవులను కొట్టివేసి, మిగిలిన రోజులను ఒక కాగితం మీద రాసుకోండి. ఇరవై నిమిషాల నాటికకు వారానికి మూడు చొప్పున, ఒక్కొక్కటి నలభై నిమిషాలు ఉండేలా కనీసం 20 రిహార్సళ్లు కావాలి. అంతకంటే తక్కువ దొరికే పరిస్థితి ఉంటే నాటిక నిడివి తగ్గించండి గాని రిహార్సళ్లు తగ్గించకండి.

ఈ నగరంలో రిహార్సళ్లకు అసలైన అడ్డంకి స్కూలు బస్సు. సాయంత్రం బడి వదలగానే బస్సు బయలుదేరుతుంది, ఆ బస్సులో వెళ్లే పిల్లలు ఉండలేరు, ఉన్నా ఇంటికి చేరే మార్గం ఉండదు. అందువల్ల బడి అయ్యాక చేద్దామనుకున్న రిహార్సళ్లు రెండో వారానికే సగం మందితో నడుస్తాయి. మొదటి రోజే ఎవరు బస్సులో వెళ్తారు, ఎవరు నడిచి వెళ్తారు, ఎవరిని ఇంటివాళ్లు తీసుకువెళ్తారు అనే వివరం రాసుకుని, అందరూ ఉండే సమయం మధ్యాహ్న భోజన విరామంలోనో, ఆటల పీరియడ్‌లోనో, శనివారమో ఎక్కడ దొరుకుతుందో చూసి, ఆ సమయాన్ని ప్రధానోపాధ్యాయుల దగ్గర ముందుగానే అడిగి తీసుకోండి. అడిగేటప్పుడు నోటిమాటగా కాకుండా తేదీలు, సమయాలు, పాల్గొనే వారి పేర్లు రాసిన కాగితం ఇవ్వండి. కాగితం చూసిన పెద్దలు సులువుగా ఒప్పుకోవడం నేను చాలాసార్లు గమనించాను.

పదో తరగతి వారికి మార్చిలో పబ్లిక్ పరీక్షలు ఉంటాయి కాబట్టి, జనవరి తరువాత వేసే నాటికలో ప్రధాన పాత్రలను వారికి ఇవ్వకపోవడం మేలు. వారికి రావాలని ఎంత మనసున్నా, ప్రత్యేక తరగతులు మొదలయ్యాక రాలేరు.

నాటికను ఎంచుకోవడం

ఒక తరగతి గది కథ, ఒక అపార్టుమెంటులో నీళ్ల ట్యాంకరు కోసం జరిగిన తగవు, పల్లె నుంచి వచ్చిన తాతయ్య నగరంలో గడిపిన నాలుగు రోజులు, ఇలాంటి విషయం తీసుకుని మీరే రాసుకుంటే అన్నిటికంటే మంచిది. అలా కుదరకపోతే అచ్చయిన నాటికను తీసుకోవచ్చు. ఆదివారం అబిడ్స్ కాలిబాటల మీద పరిచే పాత పుస్తకాలలో ఓపికగా వెతికితే చిన్న నాటికల సంపుటాలు దొరుకుతాయి. ఎంచుకునేటప్పుడు మూడు విషయాలు చూడండి. ఒకే చోట జరిగే కథ కావాలి, ఎందుకంటే రంగం మారిన ప్రతిసారీ చీకట్లో కుర్చీలు జరపడానికి పట్టే సమయంలో జనం మాటల్లో పడిపోతారు. పాత్రలు ఎనిమిదికి మించకూడదు. ఏ ఒక్క పాత్రా పెద్ద ఉపన్యాసాలు ఇవ్వకూడదు. బడి నాటికలలో చివర ఒక మాస్టారు పాత్ర వచ్చి ఐదు నిమిషాలు నీతి చెప్పడం అలవాటుగా మారింది. ఆ ఐదు నిమిషాలూ తీసేసినా కథ అర్థమవుతుందంటే, తీసేయండి.

హక్కుల విషయం కూడా తెలుసుకోవాలి. మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్ల పాటు రచన మీద హక్కులు వారి వారసులకు ఉంటాయి. 1915లో మరణించిన గురజాడ అప్పారావు గారి రచనలకు, 1919లో మరణించిన కందుకూరి వీరేశలింగం గారి రచనలకు ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది కాబట్టి వాటిని ఎవరైనా ప్రదర్శించవచ్చు, కుదించుకోవచ్చు. గడువు దాటని రచన అయినా, విద్యాసంస్థ కార్యక్రమంలో భాగంగా విద్యార్థులు, ఉపాధ్యాయులు ప్రదర్శించినప్పుడు, చూసేవారు ఆ సంస్థ విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, సంస్థతో సంబంధం ఉన్నవారు మాత్రమే అయితే అదే చట్టం మినహాయింపు ఇస్తుంది. టిక్కెట్టు పెట్టి బయటివారికి చూపించడం గాని, వీడియో తీసి యూట్యూబులో అందరికీ కనబడేలా పెట్టడం గాని ఈ మినహాయింపు కిందకు రావు. ఆ ఆలోచన ఉంటే రచయితకు ముందుగానే ఉత్తరం రాయండి. అనుమతి అవసరం లేని సందర్భంలో కూడా, రచయిత పేరును వేదిక మీద స్పష్టంగా ప్రకటించడం మరవకండి.

నాటికను ఎంచుకోవడానికి ముందు ఒక్క నాటకమైనా అందరూ కలిసి చూడాలని నా గట్టి సలహా. రవీంద్రభారతిలోనూ, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనూ తెలుగు నాటక ప్రదర్శనలు జరుగుతుంటాయి. బంజారాహిల్స్‌లోని లామకాన్‌లో ఆరుబయట, ప్రేక్షకులకు చాలా దగ్గరగా నాటకాలు ఆడతారు. వీలైతే సురభి నాటక కుటుంబాల వారి నాటకం చూడండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ప్రదర్శనతో మొదలైన ఆ కుటుంబాల వారు ఇప్పుడు మన నగరంలోనే, లింగంపల్లి వైపు ఉంటున్నారు. వారి మాయలూ మంత్రాలూ చూసి పిల్లలు ఆశ్చర్యపోవడం సహజం. మీరు మాత్రం ఒక నటి పాట పూర్తిచేసి, ఊపిరి తీసుకుని, వెంటనే మామూలు మాటలోకి ఎలా దిగుతుందో గమనించండి. సినిమా చూసి నేర్చుకోలేనిది అదే.

మాటలను మీ నోటికి తెచ్చుకోండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన పని, దీనికి ఒక వారం పూర్తిగా కేటాయించండి. హైదరాబాదు తరగతి గదిలో ఒకరి ఇంట్లో తెలంగాణ మాట, ఒకరి ఇంట్లో గుంటూరు మాట, ఒకరి ఇంట్లో ఉర్దూ, ఒకరి ఇంట్లో మార్వాడీ వినబడతాయి. అచ్చయిన నాటికలో ఉండే భాష వీటిలో ఏదీ కాకపోవచ్చు. అందరూ వలయంగా కూర్చుని, ఎవరూ నటించకుండా, నాటికను మొదటి నుంచి చివరి వరకు పైకి చదవండి. చదివేటప్పుడు ఎవరి నాలుక ఎక్కడ తడబడిందో ఆ మాట కింద పెన్సిలుతో గీత పెట్టండి. చదవడం అయ్యాక గీత పెట్టిన ప్రతి చోటా "ఈ మాటను నువ్వు ఇంట్లో ఎలా అంటావు?" అని ఆ పాత్రధారినే అడగండి. రచన మీదైతేనో, హక్కుల గడువు దాటినదైతేనో ఆ మాటను అక్కడే మార్చుకోండి. కాకపోతే అసలు మాటనే ఉంచి, తేలికయ్యే వరకు పలికించండి.

తెలంగాణ మాట విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఇంట్లో పనిచేసే మనిషికో, నవ్వించే పాత్రకో మాత్రమే "ఏం జేస్తున్నవ్" అనే మాటతీరు పెట్టి, చదువుకున్న పాత్రలన్నిటికీ పుస్తకాల భాష పెట్టడం చాలా నాటికలలో కనబడుతుంది. అలా చేస్తే మీ తరగతిలో సగం మంది ఇంటి భాషను వేదిక మీద నవ్వులపాలు చేసినట్టే. డాక్టరమ్మ పాత్రకైనా, ప్రధానోపాధ్యాయుడి పాత్రకైనా ఆ వేషం వేసే పిల్లలు ఇంట్లో మాట్లాడే మాటే పెట్టండి.

తెలుగు చదవడం సరిగ్గా రాని పిల్లలు సంభాషణలను ఇంగ్లీషు అక్షరాలలో రాసుకుంటామంటారు. దయచేసి ఒప్పుకోకండి. ఆ అక్షరాలలో పాట, పాత, పట అనే మూడు మాటలకూ తేడా ఉండదు, దాన్ని చూసి నేర్చుకున్న పిల్లవాడు ఆ తప్పును వేదిక దాకా తీసుకువెళ్తాడు. దానికి బదులు, బాగా చదవగలిగిన స్నేహితురాలు నెమ్మదిగా ఫోనులో చదివి పంపితే, విని నేర్చుకోనివ్వండి. నేను తోడుగా ఉన్న ఒక నాటికలో ఇంట్లో ఉర్దూ మాట్లాడే అమ్మాయి ఒక్క అక్షరమూ చదవకుండా, చెవితో విని, మొత్తం అత్తగారి పాత్రను నేర్చుకుంది. ళకారం, ణకారం ఆ నాటికలో అందరికంటే శుభ్రంగా పలికింది ఆ అమ్మాయే. ఇంటికి వెళ్లి వినడానికి రికార్డు చేసుకోవడం వేరు, వేదిక మీద రికార్డు వేయడం వేరు.

పాత్రల పంపకం

పాత్రలు పంచేటప్పుడు మొదటి వారమంతా అందరి చేతా అన్ని పాత్రలూ చదివించి, ఆ తరువాతే నిర్ణయించండి. తరగతిలో గట్టిగా మాట్లాడేవారికి పెద్ద పాత్ర, మంచి మార్కులు వచ్చేవారికి ఇంకో పాత్ర అని మొదటి రోజే ఇచ్చేస్తే, మిగిలినవారిలో ఏముందో మీకు ఎప్పటికీ తెలియదు. ప్రతి ముఖ్య పాత్రకూ ఇంకొకరు కూడా మాటలు నేర్చుకుని సిద్ధంగా ఉండాలి. డిసెంబరు చలిలో గొంతు పోవడం, జ్వరం రావడం సాధారణం కాబట్టి ఇది తప్పనిసరి.

తెర వెనుక పనులను మిగిలిపోయిన వారికి ఇచ్చే పనులుగా చూడకండి. నటులు మాట మరిచిపోతే పక్క నుంచి అందించే ప్రాంప్టరు, సామాన్లు చూసేవారు, తెర లాగేవారు, శబ్దాలు చూసేవారు, సమయం చూసేవారు, ఈ ఐదుగురూ మొదటి రిహార్సలు నుంచే రావాలి. ఒక నాటికలో తెర లాగే పని తీసుకున్న అబ్బాయి, నెలన్నర పాటు రోజూ చూసి, నాటిక మొత్తం నోటికి తెచ్చుకున్నాడు. ప్రదర్శనకు రెండు రోజుల ముందు ఒక పాత్రధారికి జ్వరం వస్తే, ఆ పాత్రకు సిద్ధంగా ఉండాల్సిన విద్యార్థి వెనక్కి తగ్గితే, ఈ అబ్బాయే వేషం కట్టాడు.

రిహార్సళ్లు

రెండో వారం నుంచి నిలబడి చేయడం మొదలుపెట్టండి. ముందుగా వార్షికోత్సవం వేదిక కొలతలు తెలుసుకోండి. టెంట్ హౌస్ వారు వేదిక కట్టేట్టయితే గత ఏడాది ఎన్ని అడుగులు కట్టారో కార్యాలయంలో అడగండి. అది 24 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు అనుకుంటే, అదే కొలతతో మైదానంలోనో వరండాలోనో సుద్దముక్కతో గీత గీసి, ఆ గీత లోపలే రోజూ రిహార్సలు చేయండి. తరగతి గదిలో బల్లల మధ్య నేర్చుకున్న నడకలు, అసలు వేదిక ఎక్కాక పనికిరావు. నటులంతా ఒక మూలకు చేరిపోతారు, లేదా ఇద్దరి మధ్య పది అడుగుల ఖాళీ మిగులుతుంది. ప్రతి నడకకూ కారణం ఉండాలి. మంచినీళ్ల కోసం, తలుపు చప్పుడు విని, కోపంతో దూరంగా జరగడానికి, ఇలా ఎందుకు నడుస్తున్నాడో ఆ పాత్రధారి చెప్పగలగాలి. చెప్పలేకపోతే నిలబడే ఉండమనండి.

ఇప్పుడు గొంతు. సుద్ద గీత నుంచి 60 అడుగుల దూరంలో ఒక విద్యార్థిని కూర్చోబెట్టండి. ఆ విద్యార్థి చేతిలో నాటిక ప్రతి ఉండకూడదు. మాట వినబడనప్పుడల్లా చెయ్యి పైకెత్తడమే ఆ విద్యార్థి పని. చెయ్యి లేచినప్పుడు నటులు ఆగి ఆ వాక్యాన్ని మళ్లీ చెప్పాలి. మొదటి రోజు చెయ్యి దింపే సందే ఉండదు, మూడో వారానికి అప్పుడప్పుడు లేస్తుంది, ఐదో వారానికి లేవదు. అరవడం వల్ల ఈ మార్పు రాదు. అరిస్తే గొంతు పోతుంది, మాట చెదిరిపోతుంది. ఊపిరిని పొట్ట నిండా తీసుకోవడం, నోరు బాగా తెరవడం, వేగం తగ్గించడం, ఈ మూడింటితోనే దూరానికి చేరుతుంది.

తెలుగు మాట్లాడే నటులు ప్రత్యేకంగా పట్టించుకోవాల్సిన విషయం ఒకటుంది. మన వాక్యంలో ప్రాణమంతా చివర ఉంటుంది. వస్తాను, వస్తానా, రాను, రాలేను అనే మాటల మధ్య ఉన్న తేడా ఆఖరి అక్షరాలలోనే తెలుస్తుంది. "నేను ఆ డబ్బు తీసుకోలేదు" అనే వాక్యంలో చివరి "లేదు" మింగేస్తే, కథ మొత్తం తలకిందులవుతుంది. పిల్లలు వాక్యం మొదలును గట్టిగా పట్టుకుని, ఊపిరి అయిపోయి, చివరకు వచ్చేసరికి గొంతు దించేస్తారు. దీన్ని సరిదిద్దడానికి ఒక వారం పాటు రోజూ పది నిమిషాలు, ప్రతి సంభాషణలో చివరి మాటను మాత్రమే పైకి చెబుతూ నాటిక మొత్తం నడపండి. వినడానికి వింతగా ఉన్నా, ఆ వారం తరువాత వాక్యాల తోకలు ఇక తెగవు. నాకు తెలిసిన సాధనలన్నిటిలో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే.

మూడో వారం చివరికి అందరి చేతుల్లోంచి కాగితాలు పోవాలి. అక్కడి నుంచి ప్రాంప్టరు పని మొదలవుతుంది. ప్రాంప్టరు పక్క తెర చాటున, నటులకు కనబడేలా కూర్చుని, ప్రతిలో వేలు పెట్టుకుని వెంట రావాలి. నటుడు కావాలని తీసుకునే విరామాలను ప్రతిలో గుర్తు పెట్టుకోవాలి, లేకపోతే ఏడవబోతూ ఆగిన నటికి పక్క నుంచి మాట అందించి ఆ ఘట్టాన్నే చెడగొడతారు. మాట అందించేటప్పుడు వాక్యం మొత్తం చెప్పకుండా, మొదటి రెండు మాటలు మాత్రమే చెప్పాలి.

మరిచిపోవడాన్ని కూడా రిహార్సలు చేయాలి. ఇది చాలామంది చేయని పని. ఆరో వారంలో ఒక రోజు, ముందుగా చెప్పకుండా ఎవరో ఒకరి చేత ఒక సంభాషణ వదిలేయించి, మిగిలినవారు కథను ఎలా ముందుకు తీసుకువెళ్తారో చూడండి. "ఏమైంది, అమ్మ ఏమన్నది?" లాంటి ఒక ప్రశ్న వేసి ఎదుటి నటుడిని దారిలోకి తేవడం అలవాటైతే, ప్రదర్శన రోజు ఎవరికీ చేతులు వణకవు. మేము పదో తరగతిలో రెండు సంభాషణలు ఎగరగొట్టినప్పుడు మమ్మల్ని గట్టెక్కించింది ఇలాంటి ఒక ప్రశ్నే. ఆ ప్రశ్న వేసిన స్నేహితుడు నాటికలో పోస్ట్‌మాన్. అతనికున్నవి నాలుగే నాలుగు మాటలు.

జనం నవ్వినప్పుడు ఆగడం కూడా నేర్చుకోవాలి. నవ్వు పెరిగి, తగ్గడం మొదలైనప్పుడు తరువాతి మాట అందుకోవాలి. దీనికోసం చివరి రెండు వారాలలో ఇతర తరగతుల పిల్లలను పిలిచి కూర్చోబెట్టండి.

దుస్తులు, సామాన్లు, మేకప్

ఇంట్లో ఉన్నవాటితోనే మొదలుపెట్టండి. తాతయ్య పంచె, అమ్మమ్మ చీర, నాన్న పాత చొక్కా ఏ అద్దె దుస్తులకన్నా నమ్మదగినట్టు ఉంటాయి. రాజుల వేషాలకు కావలసిన పూసలు, జరీ, అట్ట కిరీటాలకు పనికొచ్చే కాగితాలు బేగంబజార్‌లో, గాజులు లాడ్ బజార్‌లో, పాత రేడియో, పాత లాంతరు వంటివి గురువారాలలో పురానాపూల్ దగ్గర జరిగే జుమేరాత్ బజార్‌లో దొరుకుతాయి. వేషం వేసుకుని, చెప్పులతో సహా, కనీసం మూడు రిహార్సళ్లు చేయండి. పంచె కట్టుకుని ఎప్పుడూ నడవని అబ్బాయి మొదటిసారి వేదిక మీదే నడిస్తే అతని ధ్యాసంతా పంచె మీదే ఉంటుంది.

సామాన్ల కోసం తెర వెనుక ఒక బల్ల పెట్టి, దాని మీద కాగితం పరిచి, ఉత్తరం, కళ్లజోడు, టీ గ్లాసు, ప్రతి వస్తువు చుట్టూ పెన్నుతో గీత గీసి పేరు రాయండి. నటుడు వస్తువును అక్కడి నుంచే తీసుకోవాలి, అక్కడే పెట్టాలి. ఏ గడి ఖాళీగా ఉందో ఒక్క చూపులో తెలుస్తుంది.

మేకప్ విషయంలో తక్కువే మేలు. ముఖానికి అతికించే మీసం, గడ్డం జిగురును రెండు రోజుల ముందు మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి చూడండి, దురద వస్తే వాడకండి. పూర్వం వేషధారులు ముఖానికి అర్దళం పూసుకునేవారు. అది పాషాణం కలిసిన పదార్థం, ఎవరైనా పాత పద్ధతి అని తెచ్చినా దగ్గరకు రానివ్వకండి.

మైకులు, వెలుగు

సౌండ్ వారితో వార్షికోత్సవానికి వారం ముందే మాట్లాడండి. ఆ రోజు వారికి నృత్యాల పాటలు, ముఖ్య అతిథి ప్రసంగం, బహుమతుల ప్రకటన ఇలా వంద పనులుంటాయి కాబట్టి మీ నాటికకు ఏం కావాలో ఒక కాగితం మీద గీసి ఇవ్వండి. కాలర్ మైకులు అందరికీ దొరకవు, దొరికినా పెనుగులాటల్లో, కౌగిలింతల్లో గరగర శబ్దం చేస్తాయి. వేదిక ముందు అంచున తక్కువ ఎత్తులో మూడు మైకులు, వీలైతే పైన వేలాడే రెండు మైకులు పెట్టమని అడగండి. గొంతును అరవై అడుగులకు చేర్చడం నేర్చుకున్న నటులకు ఆ మైకులు సాయం మాత్రమే చేస్తాయి. మూడింటిలో ఒకటి ఆగిపోయినా నాటిక ఆగదు. కూలర్లు, పెద్ద ఫ్యాన్లు వేదికకు ఎదురుగా తిరుగుతుంటే నాటిక నడిచే ఇరవై నిమిషాలూ ఆపమని ముందే మాట తీసుకోండి.

ఇప్పుడు చాలా వార్షికోత్సవాలలో వెనుక పెద్ద ఎల్‌ఈడీ తెర పెట్టి బొమ్మలు వేస్తున్నారు. నృత్యాలకు అది బాగుంటుంది. నాటికకు మాత్రం ఆ వెలుగు ముందు నటుల ముఖాలు నల్లబడి కనబడవు, చూసేవారి కళ్లు కదిలే బొమ్మల మీదకు పోతాయి. మీ నాటిక సమయంలో దాన్ని ఆపేయమని, రంగులు తిరిగే లైట్లు వద్దని, ఎదురు నుంచి పసుపు తెలుపు వెలుగు ముఖాల మీద పడేలా ఉంచమని అడగండి. వేదిక మీద దీపం వెలిగించే ఘట్టం ఉంటే బ్యాటరీ దీపం వాడండి, గుడ్డ తెరల దగ్గర నిప్పు వద్దు.

ప్రదర్శన ముందు రోజు, ఆ రోజు

డిసెంబరులో ఇక్కడ సాయంత్రం ఆరు కాకముందే పొద్దు గూకుతుంది. పగటిపూటే రిహార్సలు చేసినవారికి రాత్రి పక్క తెరల వెనుక ఎంత చీకటిగా ఉంటుందో తెలియదు. కనుక ఆఖరి రిహార్సలు తప్పకుండా చీకటి పడ్డాక, అసలు వేదిక మీద, పూర్తి వేషాలతో, మధ్యలో ఆపకుండా చేయండి. దీనికోసం తల్లిదండ్రులకు ముందుగా చెప్పి, ఆ ఒక్క సాయంత్రం పిల్లలను ఇళ్లకు చేర్చే ఏర్పాటు చేసుకోండి. మెట్ల అంచులకు, కుర్చీలు పెట్టాల్సిన చోట్లకు తెల్ల టేపు అతికించండి.

కార్యక్రమాల వరుసలో నాటికను చివర పెట్టకుండా చూసుకోవడం కూడా మీ పనే. ప్రసంగాలు సాగి, కార్యక్రమం ఆలస్యమై, రాత్రి 10 గంటలకు లౌడ్ స్పీకర్లు ఆపాల్సిన నిబంధన గుర్తుకు వచ్చినప్పుడు కోత పడేది చివరి అంశానికే. సగంలో తెర దించిన నాటిక ఒకటి చూశాను. ఆ పిల్లలు వేషాలు విప్పకుండా చాలాసేపు తెర వెనుకే కూర్చున్నారు. మూడో అంశంగానో నాలుగో అంశంగానో పెట్టమని అడగండి, ముందు ఒక నృత్యం ఉంటే మరీ మంచిది.

ఆ రోజు మధ్యాహ్నం తేలికగా తినండి, వేడినీళ్లు తాగుతూ ఉండండి, చల్లటివి ముట్టకండి. తెర లేవడానికి అరగంట ముందు అందరూ ఒకచోట చేరి, ఆఖరి మాటల సాధనను ఒకసారి చేయండి. తెర సందులోంచి జనాన్ని తొంగిచూడకండి. ముందు వరుసల్లో ఫోన్లు పైకెత్తి నిలబడేవారి వల్ల వెనుకవారికి కనబడదు కాబట్టి, ఒక్కరే వీడియో తీసి అందరికీ ఇస్తారని నాటికకు ముందు మైకులో చెప్పించండి.

తెర దిగిన తరువాత

వేషాలు విప్పగానే ఎవరి దారిన వారు వెళ్లకుండా, బల్ల మీద గీసిన గడులలోకి వస్తువులన్నీ తిరిగి వచ్చాయో లేదో సామాన్లు చూసేవారు సరిచూడాలి. అరువు తెచ్చిన చీరలు, పంచెలు ఉతికించి వారంలోగా తిరిగి ఇవ్వండి. ఖర్చుల లెక్క ఒక కాగితం మీద రాసి ఉపాధ్యాయులకు అప్పగించండి.

రెండు మూడు రోజులకు ఒక భోజన విరామంలో అందరూ మళ్లీ కూర్చుని, ఒక్కొక్కరు తమ అనుభవాన్ని ఒక నోటుబుక్కులో రాయండి. బాగుందని, చప్పట్లు పడ్డాయని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ మాట దగ్గర జనం నవ్వారు, నవ్వుతారనుకున్న ఏ చోట నవ్వలేదు, ఎవరికి ఏ నిమిషంలో ఏం మరుపు వచ్చింది, ఏ మైకు దగ్గర మాట బాగా అందింది, వేదిక కొలత ఎంత, సౌండ్ వారికి ఎప్పుడు చెప్పారు, ఈ వివరాలు రాయండి. నాటిక ప్రతిని, ప్రాంప్టరు పెన్సిలు గుర్తులతో సహా, అదే నోటుబుక్కులో పెట్టి, జూన్‌లో బడి తెరిచిన వారంలోనే మీ తరువాతి తరగతి వారి చేతికి ఇవ్వండి.